మార్జిన్‌లో నీ మాటలు

ఇది చదివాక కంప్యూటర్ ఆపకు. నువ్వు పెట్టిన ఆ అందాల వర్డ్ ప్రాసెసర్‌ని తీసేశాను, మళ్ళీ ఎక్కించకు. చూడ్డానికి బాగుంటుందన్నావు. చూసేది నువ్వు, వినేది నేను. అందులో, తెర మీదున్నది చదివి వినిపించే నా స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, పేరులేని బటన్" అని గొణుగుతూ కూర్చునేది. ఇప్పుడు పెట్టినదానికి ముఖంలో కళ లేదంటావేమో గానీ, అన్నీ నోరు విప్పి చెబుతుంది.

అన్నీ అంటే నిజంగా అన్నీ. నా కథ చదివి నువ్వు ఒక్క ముక్కా అనలేదని నెల్లాళ్ళుగా మూతి ముడుచుకుని తిరిగాను కదా. నువ్వు మార్జిన్‌లో రాసిన కామెంట్లు ఆ అందగత్తె నాకు వినిపించనే లేదు. జవాబు రాలేదని నువ్వూ అలిగావు. ఇవాళ పొద్దున ఈ కొత్తది వాటిని చదివింది. "ఇక్కడ నవ్వాపుకోలేకపోయాను" అని, రైలు ఆలస్యమని చెప్పే గొంతుతో. "ఇక్కడ నీ చెయ్యి పట్టుకోవాలనిపించింది" అన్నదీ అదే గొంతు. అది మాత్రం రెండుసార్లు చదివించుకున్నాను.

పత్రికకి కథ పంపడానికి ఇవాళే ఆఖరు. నేను వచ్చేదాకా పంపకు. పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు.

అన్నట్టు, "ఈ కథలో భార్య ఒక్క మాటా మాట్లాడదేం?" అని చివర్లో అడిగావు. ఆవిడ మార్జిన్‌లో మాట్లాడుతూనే ఉందని నాకిప్పుడే తెలిసింది. సాయంత్రం కూర్చుని మారుద్దాం.