నేను పరిచిన నేలకు పూచీ

మైపాడు,
1963 ఆగస్టు 12

ఇంజనీరు గారికి, టైల్సు పరిచే మేస్త్రీ నమస్కరించి రాసుకునే విన్నపం.

అల్లూరు ఆసుపత్రి నేల పని నాకివ్వాలంటే, వానలు వెళ్ళేదాకా టైళ్ళు కుంగవని, నన్ను ఎరిగినవారొకరు పూచీకత్తు రాయాలన్నారు. మునుపు నా భార్య నవోమి తమ్ముడు రాసేవాడు. ఆమె పోయాక అతను నా గడప తొక్కలేదు.

"ఇన్ని ఇళ్ళల్లో పని చేసినావు, తెలిసినోళ్ళే లేరా మేస్త్రీ?" అన్నారు మీ గుమాస్తా గారు.

మా పని తీరు అదండీ. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వాకిట్లోకి వచ్చేస్తాం. తడి ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆరేసరికి నేను వేరే ఊళ్ళో ఉంటాను. ఆ ఇళ్ళవాళ్ళకు నా పని తెలుసు గానీ నా ముఖం గుర్తుండదు.

అందుకని ఒక మనవి. పూచీకత్తుకు బదులు నన్నే ఉంచుకోండి. వానలు వెళ్ళేదాకా ఆసుపత్రి వరండాలో పడుకుంటాను. ఏ టైలు కుంగినా కూలి అడక్కుండా సరిచేస్తాను. ఇంటికి రాలేదేమని అడిగేవాళ్ళు నాకు లేరు.

ఏదీ కుంగకపోతే, వెళ్ళేముందు ఆ లోపలి గోడదాకా ఒక్కసారి నడవనివ్వండి. నేను పరిచిన నేల మీద నేనింతవరకూ నడిచి ఎరగను.

ఇట్లు,
విధేయుడు