ఫ్యానుకు ఐదు స్టార్లు

ఆగస్టు 30, శనివారం

వచ్చింది! మా జ్యోతిక ఫ్యాను వచ్చింది! ఎవరికైనా చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. దుకాణంలో కొన్నది కాదు. మా బిడ్డ ఆఫీసులో, మా బిడ్డ తెలివితో తయారైన ఫ్యాను. ఇంకా మార్కెట్లోకి రాలేదు. ముందు కొన్ని ఇళ్ళలో పెట్టి చూస్తారట. అందులో మా ఇల్లు ఒకటి!

హాల్లో పాత ఫ్యాను దింపారు. గోడ మీద రెగ్యులేటర్ పీకేశారు. కొత్తది తెల్లగా, సన్నటి రెక్కలతో పెళ్ళికూతురిలా ఉంది. స్విచ్ వేస్తే మధ్యలో నీలం లైటు వెలుగుతుంది, అంతే. తిరగమని ఫోన్‌లోంచి చెప్పాలి. ఆ యాప్ జ్యోతిక ఫోన్‌లో ఉంది, నా ఫోన్‌లో ఉంది. మా ఆవిడ యాదలక్ష్మిది బటన్ ఫోన్, అందులో పట్టదు.

నేను ఏడో తరగతి చదివి దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపోలో రిటైరయ్యేదాకా స్టీరింగ్ తిప్పాను. నా బిడ్డ ఫ్యాన్ తిప్పుతోంది. కొబ్బరికాయ కొట్టాను. నీళ్ళు టైల్స్ మీద పడ్డాయని యాదలక్ష్మి తిట్టింది. తిట్టనీ!

సెప్టెంబర్ 2, మంగళవారం

ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి, కొత్తపేటలో మా ఇంట్లో ఫ్యాన్ వేశాను!! పక్కన పూలమ్మే ఆమెకు కూడా చూపించాను. గాలి గీడిదాంక వస్తదా అన్నా, అని అడిగింది.

ఇంటికి పోతే యాదలక్ష్మి నెత్తి నిండా పిండి. హాల్లో కూర్చొని బియ్యప్పిండి జల్లెడ పడుతోందట, ఫ్యాను ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుందట. దయ్యం వట్టిందనుకున్న, అంది. దయ్యం కాదే, నేనే అన్నాను. చాట ఎత్తింది.

సెప్టెంబర్ 6, శనివారం

టీవీలో బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చూస్తుంటే జ్యోతిక ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ప్రతి శనివారం చేస్తుందట. ఫ్యానుకు ఎన్ని స్టార్లు ఇస్తారు సార్, ఐదుకు, అని అడిగింది. ఆరు లేవా అన్నాను. లేవట. ఐదు రాయించాను. ఇంట్లో అందరికీ ఓకేనా సార్ అంది. అందరికీ సూపర్ అన్నాను.

సెప్టెంబర్ 13, శనివారం

ఐదు!

సెప్టెంబర్ 18, గురువారం

పక్క పోర్షన్ కుసుమకుమారి గారు గేటు దగ్గర ఆపారు. వాళ్ళది రాజమండ్రి వైపు. అన్నయ్యగారూ, చెప్పొద్దని వదినగారు ఒట్టేయించుకున్నారండి, అంటూనే చెప్పేశారు. యాదలక్ష్మి రోజూ పొద్దున వాళ్ళింట్లోనే కూర్చుంటోందట. అక్కడే కూరగాయలు కోసుకుంటోందట.

ఎందుకో అప్పుడు అర్థమైంది. జ్యోతిక ఎనిమిదికే ఉప్పల్ ఆఫీసుకు పోతుంది. నేను సరూర్‌నగర్ చెరువు దాకా నడిచి, డిపో దగ్గర పాత దోస్తులతో చాయ్ తాగి వచ్చేసరికి మధ్యాహ్నం. ఫ్యాను వేసి పోయినా ఒక్కసారి కరెంటు పోయి వస్తే చాలు, మళ్ళీ నీలం లైటు దగ్గరే ఆగుతుంది. మీరు ఫ్యాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నారండీ, అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లోకి వచ్చి, నాకు ఫోన్ చేస్తే ఎక్కడున్నా వేస్తా కదా అన్నాను. గాలికి గూడ నిన్ను అడగాల్నా, అంది యాదలక్ష్మి.

మరి బిడ్డకు ఎందుకు చెప్పలేదు అన్నాను. బిడ్డ చేసిన మొదటి ఫ్యాను, మంచిగ లేదని ఏ నోటితోని చెప్పాలె, నువ్వు జెప్తవా, అంది.

నేనూ చెప్పలేను. ఆర్టీసీలో బండి మీద కంప్లైంట్ వస్తే బండికి ఏమీ కాదు. మెమో డ్రైవర్‌కు ఇస్తారు. ఈ ఫ్యాను మీద నేను నోరు తెరిస్తే మెమో ఎవరికి? నా బిడ్డకే కదా.

సెప్టెంబర్ 20, శనివారం

ఐదు. ఈసారి సూపర్ అనలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

జ్యోతిక వచ్చి అన్నం తినకుండా కూర్చుంది. కంపెనీ ఓనరు వంశీకృష్ణ సారుతో గొడవ అయిందట.

గోడ మీద రెగ్యులేటర్ ఉండాలని మొదటి నుంచీ బిడ్డే అంటోందట! నెట్ లేకపోయినా, ఫోన్ లేకపోయినా చేత్తో తిప్పితే తిరగాలె సార్, గాలికి ఇంటర్నెట్ ఎందుకు, అందట. ఖర్చు పెరుగుతుంది, ఇప్పుడు నెట్ లేని ఇల్లు ఎక్కడుంది అన్నాడట ఆయన. బిడ్డ ఒప్పుకోలేదట. అప్పుడు మా ఇంటి రిపోర్టు తీశాడట. అన్నీ ఐదు స్టార్లే, మీ పెద్దవాళ్ళకే ప్రాబ్లం లేదు, ఇంకెవరికి ఉంటుంది అన్నాడట. దసరా తర్వాత డిజైన్ ఫ్యాక్టరీకి పోతుంది. ఇక మార్చడానికి లేదు.

కంచం పక్కకు నెట్టాను. బిడ్డ మెడకు చుట్టుకున్నది నా స్టార్లే.

ఇప్పుడు మాట మారిస్తే బిడ్డే నేర్పించిందంటారు. ఏం చేయను?

సెప్టెంబర్ 27, శనివారం

ఫోన్ మోగింది. ఎత్తలేదు.

అక్టోబర్ 2, గురువారం, దసరా

గాంధీ జయంతి కూడా ఇవాళే పడింది. మటన్ షాపులు బంద్. నిన్ననే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాం కాబట్టి పరవాలేదు.

పొద్దున ఆయుధపూజ. ఏటా కత్తిపీట, సుత్తి, నా స్కూటర్. ఈసారి గోడకున్న నెట్ డబ్బా కంట పడింది. ఈ ఇంట్లో రాత్రనకా పగలనకా పని చేసేది అదే, పాపం, దానికి ఒక్క బొట్టు పెట్టినవాళ్ళు లేరు! ప్లగ్ తీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టి దేవుడి గదిలో కూర్చోబెట్టాను. పూజలో పెట్టిన పనిముట్టును తెల్లారేదాకా ముట్టం. ఫోన్‌తో తిరిగే ఫ్యానుకు ఆ డబ్బాతో పనేముందిలే అనుకున్నాను. నా ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది మరి! తర్వాత అందరం మీర్‌పేటలో మా చెల్లె ఇంటికి పోయాం. ఫ్యాను సంగతే గుర్తులేదు.

సాయంత్రం ఇలా వచ్చామో లేదో జమ్మి ఆకు పట్టుకుని వంశీకృష్ణ సారు వచ్చాడు! చిన్న పిల్లవాడు. బంగారమంటూ ఆ ఆకు నా చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాడు. బిడ్డకు జీతమిచ్చే మనిషి నా కాళ్ళకు! కళ్ళు తుడుచుకుని గారెలు పెట్టించాను.

ఒకటే ఉక్క. ఫ్యాన్ వేయండి అంకుల్ అన్నాడు. నొక్కాను. నీలం లైటు. జ్యోతిక నొక్కింది. నీలం లైటు. డాడీ, నెట్ డబ్బా ఏది, అంది. దేవుడి గది చూపించాను.

ఒక్క రెండు నిమిషాలు పెడదాం ఆంటీ, అని లేవబోయాడు. యాదలక్ష్మి గుమ్మానికి అడ్డం నిలబడింది. రేపు పొద్దుగాల తీస్తం బిడ్డా, దాన్ని గూడ ఒక్కరోజు పండనియ్యి, అంది.

అతని కొత్త చొక్కా వీపుకు అంటుకుపోయింది. యాదలక్ష్మి లోపలి నుంచి విసనకర్ర తెచ్చి, పక్కన కూర్చొని విసరడం మొదలుపెట్టింది. అయ్యో ఆంటీ, మీకెందుకు శ్రమ, అన్నాడు. శ్రమేంది బిడ్డా, అలవాటే, వీళ్ళిద్దరు బయటికి వోతే నాకు రోజూ గిదే గాలి, అంది.

మామూలుగా అంది. ఎవరి మీదా కోపం లేకుండా అంది. జ్యోతిక తల్లిని చూసింది. నన్ను చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

సార్, నా స్టార్లు వాపసు తీసుకోండి, అన్నాను. అన్నీ. నా బిడ్డకు మెమో ఇస్తారని భయపడి ఇచ్చినవి అవి. ఈమె ఈ ఫ్యాను కింద కూర్చోలేక పక్కింటికి పోతోంది, గాలికి మొగుణ్ణి అడగనంటోంది. నా బిడ్డ మీకు ముందు నుంచీ చెప్పింది ఇదే. మెమో ఇస్తే నాకివ్వండి, అన్నాను.

వంశీకృష్ణ గారెల ప్లేటు కింద పెట్టాడు. విసనకర్ర యాదలక్ష్మి చేతిలోంచి తీసుకుని ఆమెకు విసిరాడు. మా అమ్మది కూడా బటన్ ఫోనే అంకుల్, అన్నాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

పూలు తీసి డబ్బాకు ప్లగ్ పెట్టాను. జ్యోతిక నాతో మాట్లాడలేదు. బ్యాగు వేసుకుని చెప్పుల దగ్గర ఆగింది. సూపర్ అనేటోళ్ళు బయట మస్తుమంది ఉంటరు డాడీ, నువ్వన్న జర తిట్టు, అంది.

తిట్టడం నాకు చేత కాదు. అయినా ప్రయత్నించాను. రెక్కల మీద దుమ్ము తొందరగా పడుతోంది అన్నాను. ఆగి, ఫోన్ తీసి రాసుకుంది. నా మాట! ఇంజినీరు రాసుకుంది!

అక్టోబర్ 25, శనివారం

గోడ మీద రెగ్యులేటర్ వచ్చింది! ఫ్యాక్టరీకి పోయే డిజైన్ ఇదే! నెట్ ఉంటే ఫోన్‌తో, లేకపోతే చేత్తో. నెట్ దండగ అని నేను అనను. చౌరస్తాలో నిలబడి ఫ్యాన్ వేయడం నాకు ఇప్పటికీ సరదాయే. కానీ వేసే ముందు ఇంటికి ఫోన్ చేసి, పిండి జల్లెడ పడుతున్నావా అని అడుగుతున్నాను.

ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి ఎన్ని స్టార్లు సార్ అంది. ఐదు అని నోటి దాకా వచ్చింది. మింగి, ఫోన్ యాదలక్ష్మికి ఇచ్చాను.

నాలుగు రాయి బిడ్డా, జర చప్పుడైతుంది, అంది.

అక్టోబర్ 26, ఆదివారం

చలిగాలి మొదలైంది. యాదలక్ష్మి రెగ్యులేటర్ తిప్పి ఫ్యాను వేసింది. ఆపింది. మళ్ళీ వేసింది. ఎందుకే అన్నాను.

ఊకనే, అంది.