చింతపండుతో తోమిన బంపరు

అన్నయ్యకీ వదినకీ సూరిబాబు నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. వదిన మోకాలినొప్పి తగ్గిందా? కొట్టులో ఇత్తడి బిందెలకు గిరాకీ ఉందా? ఫోనులో చెబితే సగంలోనే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

బోరబండలో గది దొరికింది. రోజూ ఫిల్మ్‌నగర్ వెళతాను. సినిమా షూటింగులకు పాత కార్లు అద్దెకిచ్చే షెడ్డులో చేరాను. తళతళలాడే బంపర్లు, లైట్ల చుట్టూ ఉండే రింగులు, తలుపు పట్టీలు చూసుకోవడం నా పని. నెల రోజులు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. పులుసు మాత్రం మన పులుసులా లేదు. కడుపునిండా తింటున్నాలే, బెంగ పెట్టుకోకు.

మొదటి వారంలోనే కొంప ముంచాను. ఒక నల్లకారు ముందు బంపరు మూలన తుప్పు చుక్కలు కనబడ్డాయి. ఇత్తడి తోమిన చెయ్యి ఊరుకుంటుందా? చింతపండు నానబెట్టి, ఇటుకపొడి కలిపి, మన కొట్లో తోమినట్టే తోమాను. కడిగి చూస్తే ఆ మూలంతా మసక. మళ్లీ తోమాను, ఇంకా మసక. ఊరికి తిరుగు ప్రయాణమే అనుకున్నాను.

పెద్దమేస్త్రీ యాదగిరన్న దగ్గరికి నేనే వెళ్లి చెప్పేశాను. తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పాడు. ఇత్తడి లోపలంతా ఇత్తడే, ఎంత తోమినా కొత్త ఇత్తడే పైకొస్తుంది. ఇదేమో ఇనుము మీద పూత, కాగితం కన్నా పల్చన. పోతే మళ్లీ పూత వేయించాల్సిందే. సబ్బునీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, పైన మైనం పట్టించాలి. బోరునీళ్లు ఆరనిస్తే తెల్లమరకలు కడతాయి. అంత మెరిసేదానికి తుప్పెలా పడుతుందని అడిగాను. కంటికి కనబడని సందుల్లోంచి తేమ దిగుతుందట! ఇన్నాళ్లూ మెరిసేదేదైనా ఒకటే అనుకున్నాను చూడు.

మిగతా బంపరంతా రెండు రోజులు కూర్చుని అద్దంలా చేశాను. తీరా షూటింగులో కెమెరా సహాయకురాలు వచ్చి, ఇందులో మేమందరం కనబడుతున్నామని మెరుపు తగ్గించే మందు కొట్టించింది. ప్రాణం ఉసూరుమంది. పైగా నేను పాడుచేసిన మూల దగ్గర ఆగి, ఇదొక్కటే బాగా చేశారు, ఎవరు చేశారంది. యాదగిరన్న అన్నాడు కదా, "అది చేసింది కాదు మేడం, ఖరాబైంది. మీ షూటింగ్ పొద్దుగూకేసరికి అయిపోతది. బండి ఆ తర్వాత గూడ ఉండాలె గద."

సాయంత్రం ఆ మందంతా ఇద్దరం తుడిచాం. నా చేతి వంకే చూస్తున్నాడు. పని అయ్యాక అన్నాడు: "చెయ్యి మంచిగుంది, గుడ్డలే గరుకున్నయ్. ఇంట్ల మెత్తటి పాత పంచెలుంటే తెప్పియ్యి. ఇగ నెల చూసుడు గిట్ల ఏం లేదు, నువ్వు గీడనే ఉంటున్నవ్."

నాన్న పంచెలు ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి కదా. ఆయన పోయినప్పుడు ఎవరికీ ఇవ్వొద్దని నీతో పోట్లాడింది నేనే. ఇప్పుడు వాటిని నేనే అడుగుతున్నాను. పంపించు. జరీ అంచు తగిలితే పూత మీద గీతలు పడతాయి, అంచులు కత్తిరించి నీ దగ్గర ఉంచుకో.

పెద్దమ్మకు నా దండాలు, దీవించమన్నానని చెప్పు. చింతపండు పంపిస్తానంది కదా. పులుసుకే వాడతానని మాటిచ్చానని చెప్పు.

మీ తమ్ముడు,
సూరి