మంచులో బెజ్జాలు

జూలై 19

మళ్ళీ చలికాలం, మళ్ళీ స్కీ సీజన్ మొదలు. మా యజమాని గార్త్ హెలికాప్టర్‌లో ఇవాళ అయిదుగురు సిడ్నీ వాళ్ళు. నిట్టనిలువు వాలు కావాలట, ఇంతవరకూ ఎవరూ స్కీ చెయ్యనిది. పోయినేడు ఒక గైడు మంచులో పోయాడటగా, ఆ చోటు చూపించమని ఒకడు అడిగాడు. ఆ గైడు నా అన్నయ్య లాక్లన్ అని గార్త్ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దిగిన గట్టు మీద మంచులో బెజ్జాలు కనిపించాయి. వేలు పట్టేంత, జానెడుకొకటి, చుట్టలు తిరుగుతూ. మంచు కింద పడినవాళ్ళ కోసం మేం పొడవాటి కడ్డీతో గుచ్చుతామే, అవే. ఎవడో ఇక్కడ గోల్ఫ్ ఆడుతున్నాడని సిడ్నీ వాళ్ళు నవ్వుకున్నారు. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు.

జూలై 20

గైడులందరం కుడిచుట్టు గుచ్చుతాం. నిన్నటివి ఎడమచుట్టు.

అన్నయ్యది పుర్రచెయ్యి.

జూలై 23

ఇవాళ హెలిపాడ్ పక్కనే. గార్త్‌కి చూపించాను. పొసమ్ జంతువులు తవ్వి ఉంటాయిలే అన్నాడు. పొసమ్‌లకి కడ్డీలు ఎవరిచ్చారో అన్నాను. నవ్వలేదు. రోనా, నాలుగు రోజులు సెలవు పెట్టి మీ అమ్మ దగ్గరికి పోవే తల్లీ, ఆ మొహం చూస్తే కస్టమర్లు జడుసుకుంటున్నారు అన్నాడు.

మ్యాపులో గీత గీశాను. అన్నయ్య పోయిన కెటిల్ గల్లీ అనే లోయ, గట్టు, హెలిపాడ్. అదే గీత ఇంకాస్త పొడిగిస్తే వనాకా ఊళ్ళో నా ఇల్లు.

జూలై 30, సాయంత్రం 5

రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక.

పోయినేడు ఆగస్టు పదకొండు పొద్దున మంచులో కూరుకుపోతే జాడ చెప్పడానికి అందరం కట్టుకునే బీకన్లు పలుకుతున్నాయో లేదో చూసింది నేనే. అలా చూడాలంటే నాది సెర్చ్‌లో పెట్టాలి. సెర్చ్‌లో ఉన్న బీకన్ వింటుంది, పలకదు. పని అయ్యాక మళ్ళీ సెండ్‌లో పెట్టాలి. ఎవరో ఫోటో తియ్యమన్నారు. మర్చిపోయాను.

కెటిల్ గల్లీలో వాలు మీది మంచు విరిగి జారింది. నేను ఒక బండ వెనక పడ్డాను. రేడియో ఊడిపోయింది గానీ దెబ్బ తగల్లేదు. నా బీకన్ పలికి ఉంటే నేను బండ వెనక ఉన్నానని అన్నయ్యకి తెలిసేది. పలకలేదు. లోతుగా కూరుకుపోయాననుకుని, తనది సెర్చ్‌లో పెట్టుకుని, కడ్డీ తీసి గుచ్చుకుంటూ వాలు మధ్యకి వెళ్ళాడు. రెండో వాలు అప్పుడు విరిగి తన మీద పడింది. నేను బండ ఎక్కి చూసేసరికి కడ్డీ కొస కూడా లేదు. తనదీ పలకడం లేదు కాబట్టి ఇప్పటికీ దొరకలేదు.

నా బీకన్ పాడైందని విచారణలో చెప్పాను. అమ్మకీ అదే చెప్పాను. నువ్వయినా మిగిలావు అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆగస్టు 3

పెరట్లో. బట్టలారేసే తీగ కింద.

ఆగస్టు 8

అమ్మ ఉండే గోర్ వెళ్ళి తనకి నిజం చెప్పాను. బెజ్జాల సంగతీ చెప్పాను. స్కోన్ రొట్టెలకి పిండి కలుపుతోంది. చేతులు ఆగిపోయాయి. ముందు నా కళ్ళెదుట నుంచి పో అంది. నేను కారెక్కాక పిండి చేతులతోనే వచ్చి కిటికీ మీద కొట్టింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా నువ్వు పలికేదాకా వాడు అన్నానికి వచ్చేవాడు కాదు, గుర్తుందా అంది. పలకవే వాడికి, ఎన్నాళ్ళు తిప్పుతావు అంది.

ఆగస్టు 9

ఎలా పలకను? పలికితే వస్తాడు. ఏడాది మంచులో ఉన్నవాడు.

ఆగస్టు 10, ఉదయం

పరుపులో బెజ్జాలు. జానెడుకొకటి, ఎడమచుట్టు, నేను పడుకున్న చోటు చుట్టూ. ఒక్కటీ నాకు తగల్లేదు. చాలా భయమేసింది. తర్వాత కూర్చుని ఏడ్చాను. ఇంత దగ్గరికొచ్చి కూడా దొరకలేదని ఎంత కంగారుపడి ఉంటాడో.

ఆగస్టు 11, ఉదయం 6.10

కొత్త బ్యాటరీలు వేసి బీకన్ గుండె మీద కట్టుకున్నాను. సెండ్‌లో పెట్టాను.

రాత్రి నుంచి పెరట్లో గుచ్చుతున్న చప్పుడు ఆగింది. తలుపు తియ్యడానికి లేస్తున్నాను.