కోడి పొదిగిన బానెట్

స్లౌ,
మార్చి 2

మామయ్యకు నమస్కారాలు,

అది స్నానాల తొట్టి కాదు. కారు బానెట్.

మీ అమ్మాయి మానస వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి మీరు "హాల్ల తొట్టి ఏంది, వాళ్ళకు బాత్‌రూం లేదా?" అన్నారని అత్తయ్య చెప్పింది. ఫోనులో వివరిద్దామనుకున్నాను. కానీ నలభై ఏళ్ళు బస్సులకు రివెట్లు కొట్టిన మీ చెవులకు నా గొంతు అందదు. పోయిన దసరాకు నాకు జ్వరమని చెప్పినా "ఆ, మంచిదే" అని పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

నేను కారు తయారు చేస్తున్నాను మామయ్యా. బాగు చేయడం కాదు, తయారు చేయడం. ఇక్కడ కొన్ని కంపెనీలు చట్రం, బాడీ ముక్కలు విడిగా అమ్ముతాయి. జనం వాటిని ఇంటి గ్యారేజీలో బిగించుకుంటారు. లీసెస్టర్‌లో కీత్ అనే రిటైరైన పోస్ట్‌మ్యాన్ సగం చేసి, మోకాళ్ళు పనిచేయక వదిలేసిన కారును రెండున్నరేళ్ళ కిందట తెచ్చుకున్నాను. చట్రం ఉంది, పాత మాజ్డా ఇంజను ఉంది, చక్రాలు, స్టీరింగు ఉన్నాయి. బాడీ లేదు. దాన్ని పోసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాన్ని గ్యారేజీలో దించిన రోజు మానస చుట్టూ ఒకసారి తిరిగి, "బొక్కలన్నీ ఉన్నయ్, తోలే లేదు" అంది. పూర్తయ్యేదాకా మీకు చెప్పొద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను. ఫొటో పంపొద్దని వేయించుకోలేదు. అదీ నా పొరపాటు.

బాడీ అంతా ఫైబర్‌గ్లాసే. మీరు బస్సుల ముందు భాగాలు పోసినవారు, మీకు నేను చెప్పేదేముంది. మడ్‌గార్డులు వాట్‌ఫర్డ్‌లో ఒక పళ్ళ డాక్టరు అటక మీద దొరికాయి. వెనక భాగం కీత్ దగ్గరే ఉంది, అందులో ఆయన టమాట మొక్కలు పెంచుతున్నాడు. బానెట్ మాత్రం ఎనిమిది నెలలు దొరకలేదు. చివరికి లింకన్‌షైర్‌లో మార్గరెట్ అనే పెద్దావిడ, చనిపోయిన తన భర్త కొనిపెట్టిన బానెట్ ఒకటి కొట్టంలో ఉందని చెప్పింది. ఎగిరి గంతేసి, నూట నలభై మైళ్ళు నడుపుకుంటూ పోయాను.

బానెట్ ఉంది. వెల్లకిలా ఉంది. దాని నిండా గడ్డి, గడ్డిలో ఎర్రకోడి, కోడి కింద పదకొండు గుడ్లు.

"ఇంకా పద్దెనిమిది రోజులు పడుతుంది, అంతవరకు దాన్ని లేపేది లేదు" అంది మార్గరెట్. నేను టీ తాగి, కోడికి నమస్కారం పెట్టి తిరిగొచ్చాను. బ్రిస్టల్ నుంచి ఇంకొకాయన కూడా ఆ బానెట్ అడుగుతున్నాడని తెలిసి, నన్ను మరిచిపోకుండా ప్రతి శనివారం వెళ్ళి కనబడుతూ వచ్చాను. మూడో శనివారం మానస గడపలో నిలబడి, "నేను కన్నప్పుడు రెండు రోజులు సెలవు పెట్టినవ్. కోడి పొదిగితే మూడు వారాలు తిరుగుతున్నవ్" అంది. అయినా వెళ్ళాను. తొమ్మిది పిల్లలు లేచాయి. మార్గరెట్ కళ్ళు తుడుచుకుంది. నిజం చెప్పాలంటే నేనూ తుడుచుకున్నాను. బానెట్‌ను మన నిస్సాన్ మీద కట్టుకుని వస్తుంటే, దారి పొడవునా గడ్డి ఎగిరి వెనక లారీ అద్దం మీద పడింది. లారీ డ్రైవరు మోటర్‌వే దిగేదాకా హారన్ ఆపలేదు.

చలికి గ్యారేజీలో పగుళ్ళకు పూసే రెజిన్ జిగురు గట్టిపడదు కనుక బానెట్ ఇప్పుడు హాల్లో హీటర్ పక్కన ఉంది. మీ మనవరాలు క్రాంతి అందులో తన బొమ్మలన్నిటినీ పడుకోబెట్టింది. ఇంకో చిన్న విషయం. బానెట్‌కు సాండ్‌పేపర్ పట్టినప్పుడు దురద పెట్టే గాజు పొడి అంటిన నా బట్టలు మానస బట్టలతో పాటు వాషింగ్ మెషీన్‌లో వేశాను. మర్నాడు ఆమె ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు ప్రాజెక్టు వివరిస్తూ, "ఒక చేత్తో స్లైడ్లు, ఒక చేత్తో వీపు" చూసుకోవలసి వచ్చిందట. రెండు రోజులుగా మాట్లాడడం లేదు.

ఇక మిగిలింది ఒక్క పని. ఇంజను గాలి పీల్చే గొట్టం కొంచెం పైకి వస్తుంది. దానికోసం బానెట్ కుడివైపు అన్నం పళ్ళెమంత రంధ్రం కోయాలి. ఈ శనివారం కోస్తాను. అయ్యాక మంచి ఫొటో పంపుతాను. అత్తయ్యకు నమస్కారాలు.

మీ అల్లుడు,
అమరేందర్


స్లౌ,
మార్చి 16

మామయ్యకు,

ఫొటో పంపడం లేదు.

రంధ్రం ఎడమవైపు కోశాను.

మూడుసార్లు కొలిచాను. పెన్సిలు గీత గీశాను. టేపు అంటించాను. కానీ కోయడానికి వీలుగా బానెట్‌ను బల్ల మీద బోర్లించి, లోపలి వైపు నుంచి కొలిచాను. బోర్లిస్తే కుడి ఎడమవుతుందని రెండేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నాకు రంపం ఆగాక తెలిసింది. కోసిన ముక్కను తిప్పి తిప్పి ఆ రంధ్రంలోనే పెట్టి చూశాను.

మానస చూసేలోపు పూడ్చేద్దామని ఆత్రంగా బకెట్లో రెజిన్ కలిపాను. గట్టిపడే మందు ఎక్కువ పోశాను. రెండు నిమిషాల్లో బకెట్ పొగలు కక్కింది. "డాడీ, ఇట్స్ స్మోకింగ్!" అని క్రాంతి చప్పట్లు కొట్టింది. పక్కింటి నాగజ్యోతి ఆంటీ ఫైరింజన్‌కు ఫోన్ చేసింది. బకెట్‌ను తోటలోకి విసిరేసిన కాసేపటికి ఇద్దరు ఫైర్‌మెన్ హెల్మెట్లతో హాల్లోకి వచ్చారు. ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. ఒకాయన బానెట్ చుట్టూ తిరిగి చూసి, చాలా మర్యాదగా, "చాలా బాగుంది సార్. కానీ ఈ రంధ్రం అటువైపు ఉండాలి కదా?" అన్నాడు. వాళ్ళ అన్న దగ్గర ఇలాంటి కారే ఉందట.

మామయ్యా, నవ్వులాటగా రాస్తున్నాను గానీ నవ్వు రావడం లేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది, మానసకు కూడా చెప్పనిది, ఇప్పుడు రాస్తాను. ఎదురుగా ఉంటే చెప్పలేను. చెప్పినా మీకు వినబడదు.

నాలుగేళ్ళ కిందట క్రాంతి పుట్టినప్పుడు మీరు వచ్చి ఆరు వారాలున్నారు. ఒకరోజు వంటింట్లో అల్మారా తలుపు బిగిస్తూ నన్ను స్క్రూడ్రైవర్ తెమ్మన్నారు. నేను తెచ్చేసరికి మీరు తోటలోకి వెళ్ళి మీ స్నేహితుడు రమణ గారితో ఫోన్లో మాట్లాడుతున్నారు. మీరు మెల్లగా అనుకుని మాట్లాడేది వీధి చివరిదాకా వినిపిస్తుంది. "పిల్లగాడు మంచోడే రమణా. గని ఆ చేతులు టైపు కొట్టనీకే ఉన్నయ్. మేకు కూడ కొట్టరాదు" అన్నారు. నేను తలుపు వెనక స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. దాన్ని గట్టు మీద పెట్టి పైకి వెళ్ళిపోయాను.

మీరు తప్పేమీ అనలేదు. అది నిజమే. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఏడాదిన్నర మోశాక కీత్ ప్రకటన కనబడింది. అందరూ నాకు కార్ల పిచ్చి అనుకుంటున్నారు. నాకు కార్లంటే ఏమీ లేదు మామయ్యా. ఒకరోజు దాన్ని మీ ముందు ఆపి, "ఇది నేను బిగించింది" అనాలని ఉండేది. అంతే.

ఇప్పుడు మీ మాటే గెలిచింది. బ్రిస్టల్ ఆయనకు ఫోన్ చేశాను. మే మొదటి వారంలో వచ్చి అన్నీ పట్టుకుపోతానన్నాడు. మానస హాలు మానసకు వస్తుంది.

మన్నించండి.
అమరేందర్


కరీంనగర్,
మార్చి 30

అల్లుడు అమరేందర్‌కు నర్సింహ ఆశీస్సులు.

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివి అన్నం సగంలో లేచాను. మీ అత్తయ్య అడిగితే ఉప్పు ఎక్కువైందని చెప్పాను. దానికి వేరే గొడవ అయింది.

ఆ మాట నేను అన్నాను. అనలేదని అబద్ధం చెప్పను. కానీ నీకు తెలియనిది కూడా ఉంది. ఆ పొద్దున పాప ఏడుస్తుంటే నేను ఎత్తుకున్నాను. నా అరచేయి తగిలి దాని చెంప మీద ఎర్రగా గీతలు పడ్డాయి. నా చేతులు ఆకురాయిలాగా ఉంటాయి. "నువ్వు దూరం జరుగు, పిల్లకు గీసుకపోతది" అని మీ అత్తయ్య అందరి ముందు అన్నది. నువ్వు ఎత్తుకున్నావు. పాప వెంటనే ఊరుకున్నది. మనవరాలి కోసం విమానమెక్కి అంత దూరం వచ్చిన నాకు అల్మారా తలుపు బిగించే పని దొరికింది. ఆ కడుపుమంట రమణతో అలా వెళ్ళగక్కాను. వాడు స్పీకర్‌లో "పిల్లగాని మీద కుళ్ళుతున్నవా నర్సింహా?" అని అరిచాడు. ఫోన్ పెట్టేశాను. అది వినకముందే నువ్వు పైకి వెళ్ళిపోయావు.

ఇంకొకటి. నీకు మేకు కొట్టడం రాదని అన్నానే గాని, నువ్వు ఏది పట్టుకున్నా నేనే లాక్కున్నాను. ఆ ఆరు వారాల్లో నీ చేతికి టార్చిలైటు తప్ప ఏమీ ఇవ్వలేదు. పని నేర్పించే పద్ధతి అది కాదు. బస్సుల షెడ్డులో ముప్పై మందికి నేర్పించిన నాకు ఇంట్లో ఆ బుద్ధి లేకపోయింది.

ఇప్పుడు పని సంగతి. షెడ్డులో చేరిన రెండో ఏడు నేను బస్సు రేకును బోర్లించి కొలిచి, ప్రయాణికులు ఎక్కే తలుపును డ్రైవరు పక్కన కోశాను. దిగినవాడు నేరుగా రోడ్డు మధ్యలో దిగేవాడు. మా మేస్త్రి తిట్టలేదు. కోసిన ముక్క నా చేతికిచ్చి, "అన్నానికి పోకముందే అతికించు" అన్నాడు. అంతే. నువ్వు కూడా ఆ ముక్క పారేయకు. దాని అంచును, రంధ్రం అంచును లోపలి నుంచి ఏటవాలుగా అరగదియ్యి. పైన మైనం పూసిన రేకు అదిమి కట్టు. లోపల నుంచి రెజిన్‌లో తడిపిన గాజునార నాలుగు పొరలు వెయ్యి, చిన్నది ముందు, పెద్దది తర్వాత. మందు కొలిచి పొయ్యి, కంటితో కాదు. మధ్యలో గాలి బుడగలు లేకుండా రోలరుతో నొక్కు. మొదటిసారి చెడిపోతుంది. పీకి మళ్ళీ వెయ్యి.

నన్ను రమ్మని అడగవద్దు. వస్తే నేనే చేసేస్తాను, నువ్వు టార్చి పట్టుకుంటావు. పూర్తయ్యాక వస్తాను. బ్రిస్టల్ వాడిని రావద్దని చెప్పు.

ఆ బట్టలు విడిగా ఉతుక్కో. బయట దులపకుండా మీ అత్తయ్య నన్ను ముప్పై ఏళ్ళు ఇంట్లోకి రానియ్యలేదు.

నర్సింహ


స్లౌ,
జూన్ 22

మామయ్యకు,

మొదటిసారి చెడిపోయింది. పీకి మళ్ళీ వేశాను.

రెండోసారి అతుక్కుంది. బ్రిస్టల్ ఆయన్ను రావద్దన్నాను. రంధ్రం కుడివైపు కోసే ముందు మానస బానెట్ మీద లిప్‌స్టిక్‌తో "ఇక్కడ" అని పెద్దగా రాసింది. రంగు వేశాక కూడా, ఎండలో ఒక పక్క నుంచి చూస్తే పాత రంధ్రం పళ్ళెమంత మచ్చలా తెలుస్తుంది. దాన్ని దాచలేదు. రోడ్డెక్కే ముందు జరిగే సర్కారు పరీక్షలో ఇన్‌స్పెక్టర్ ప్రతి అంచు మీదా చిన్న బంతి దొర్లించి చూశాడు. ఒకచోట పదును ఉందని తిప్పి పంపాడు. అరగదీసి మళ్ళీ వెళ్తే పాస్ చేశాడు. నంబరు ప్లేటు వచ్చింది మామయ్యా.

నిన్న క్రాంతిని నాగజ్యోతి ఆంటీ దగ్గర ఉంచి, మానసా నేనూ విండ్సర్ దాకా వెళ్ళాం. సగం దూరంలో వాన పట్టుకుంది. దీనికి పైకప్పు లేదు. మానస గొడుగు తెరిస్తే గాలికి అది తిరగబడింది. ఇద్దరం తడిసి ముద్దయి, ట్రాఫిక్ లైటు దగ్గర ఆగి, పిచ్చివాళ్ళలా నవ్వాం. పక్క బస్సులో వాళ్ళంతా ఫొటోలు తీసుకున్నారు. అక్కడే ఆమెకు ఆనాటి ఫోను మాట చెప్పాను. "నాకు తెల్వదా? నేనూ విన్న. స్లౌ మొత్తం విన్నది" అంది. ఆ రోజే మీతో రెండు గంటలు మాట్లాడలేదట. మీరు గమనించలేదట.

మీకు సెప్టెంబరుకు విమానం టికెట్ చేశాను. అత్తయ్య కూడా రావాలని క్రాంతి అంటోంది.

ఒక్క లోపం ఉంది. ఎడమ తలుపు, అంటే మీరు కూర్చునే వైపుది, సరిగా పడడం లేదు. కింద అర అంగుళం పట్టేస్తోంది. ఎలా సరిచేయాలో నాకు తెలుసు, గంట పని. కానీ ముట్టుకోలేదు, మీకోసం ఉంచాను. మీరు వచ్చి చేయండి, టార్చి నేను పట్టుకుంటాను.

మీ అల్లుడు,
అమరేందర్