ఇరవై నిమిషాల నోటీసు

ఆగస్టు 4, 2025
ముప్పై ఎనిమిదేళ్లకు నన్ను ఒకరు కోట్ చేశారు. 1987లో లా జర్నల్‌లో వచ్చిన నా వ్యాసం. ఒక విదేశీ ప్రభుత్వం అంతర్జాతీయ కోర్టులో వేసిన జవాబు, 212వ ఫుట్‌నోట్. నా పాత స్టూడెంట్ కృపారాణి ఆ ఫుట్‌నోట్ వరకే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఇది మీరేనా సార్ అని అడిగింది. ఇబ్రహీంపట్నంలో ఎంతమంది అంజిలయ్యలు యుద్ధ చట్టం మీద రాశారమ్మా అన్నాను.

ఆగస్టు 5
సాల్మన్ రాజుకు చూపించాలి.

ఆగస్టు 6
చూపించాను. బస్సెక్కి తుర్కయాంజాల్ వెళ్లి, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో తలుపు కొట్టి మరీ చూపించాను. వాడికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా పోగలడు. నాకు జాలి కలగలేదు. లా కాలేజీలో నాకు రావలసిన ప్రిన్సిపాల్ కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నాడు. అంజన్న రాతలు కాలేజీ గేటు దాటవు అని స్టాఫ్‌రూమ్‌లో అందరినీ నవ్వించాడు.

ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి చదివాడు. మొత్తానికి గేటు దాటినవన్నా అన్నాడు. వాడి భార్య రూత్ జర చాయ్ తాగి పో అన్నా అంటే రెండు కప్పులు తాగాను. లేస్తుంటే అడిగాడు, గింతకు అది ఏం కేసు, నిన్ను ఎవరి దిక్కు నిలబెట్టిన్రు అని.

కుళ్లు. బస్సులో దారంతా నవ్వుకున్నాను.

ఆగస్టు 7
కేసు ఏమిటో నాకూ తెలియదు. ఫైల్ మొత్తం పంపమని కృపారాణికి ఫోన్ చేశాను. వద్దు సార్, చదవకండి అంది.

ఆగస్టు 9
చదివాను.

ఒక దవాఖాన. ఖాళీ చేయమని ఫోన్లకు మెసేజ్ పంపారు. ఇరవై నిమిషాలకు బాంబు వేశారు. మెట్లు దిగలేని రోగులు యాభై ముగ్గురు పోయారు. మేం చట్టం తప్పలేదు అంటుంది ఆ ప్రభుత్వం. పద్ధతిగా హెచ్చరించాం, టైమిచ్చాం, ఉండిపోయిన పాపం ఉండిపోయినవారిదే. దానికి ఆధారం నా వాక్యం. తెలుగులో ఇలా ఉంటుంది: హెచ్చరిక అందిన తర్వాత కూడా అక్కడే ఉన్నవారు తమ ఇష్టంతోనే ఉన్నారని భావించవచ్చు.

చట్టం యుద్ధానికి కళ్లెమని ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. వీళ్లు దాన్ని బాంబుల పక్కనే సర్దుకున్నారు.

భావించవచ్చు. ఆ మాట ఎంత హాయిగా రాశానో నాకు గుర్తుంది.

ఆగస్టు 10
ఆ వ్యాసం ప్రతి కోసం బీరువా అంతా వెతికాను.

ఆగస్టు 11
ట్రంకు పెట్టెలో టైపు ప్రతి దొరికింది. ఆ వాక్యం తర్వాత ఇంకొకటి ఉంది. కదలలేనివారికి ఇది వర్తించదు. దాని మీద నా ఎర్ర సిరా గీత.

ఎందుకు కొట్టేశానో ఎవరికీ చెప్పలేదు. అచ్చుకు ముందు ఆ వ్యాసం చదివింది సాల్మన్ రాజు ఒక్కడే. నడవలేనోని సంగతేందన్నా, గది గూడ రాయి అన్నాడు. రాశాను. ఆ వారమే ప్రిన్సిపాల్ ఉద్యోగం వాడికిచ్చారు. నా వ్యాసంలో వాడి మాట ఒక్కటీ ఉండకూడదనుకున్నాను.

ఆగస్టు 12
ఆ కాగితం తీసుకుని మళ్లీ సాల్మన్ రాజు దగ్గరికి వెళ్లాను. గీత మీద వేలు పెట్టి కింది వాక్యం చదివాడు. తిడితే బాగుండేది. కోర్టుకు రాస్తానన్నాను, ఆ వాక్యం తప్పని, కొట్టేసింది నేనేనని. రాయి, కాని మాటకు మాట ఆ సర్కారోళ్ల దగ్గర మస్తుంటది, చూసింది రాయి అన్నాడు. ఏం చూడాలన్నాను. రూత్‌ను వాకర్ తెమ్మన్నాడు. లిఫ్ట్ వద్దు, నువ్వు గడియారం చూడన్నా అన్నాడు.

సాయంత్రం 5.40
దిగడం మొదలుపెట్టాం. రూత్ ఒక పక్క, నేను ఒక పక్క. ఇరవయ్యో నిమిషానికి ముగ్గురం రెండో అంతస్తు మెట్ల మీదే ఉన్నాం.