రెండు డిస్కులు, ఒక కేబుల్

అక్కకు,

నమస్కారాలతో నీ తమ్ముడు రాసేది. ఇక్కడ నేను, నీ మరదలు, పిల్లలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బావా వేళకి ఇంత తింటున్నారనే అనుకుంటున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. పెద్దాడు లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. మేనమామ పోలిక అన్నాను, ఆ పూట నీ మరదలు నాతో మాట్లాడలేదు. బాగుచేయమని నువ్వు పంపిన కంప్యూటర్‌లో కొత్త డిస్క్ బిగించాను, రేపు పార్సిల్ వేస్తాను.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. "పాప పాడిన పాటలు పెట్టుకుని పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంచేదాన్నిరా. అందుకే డిస్కులు అరిగిపోయుంటాయి. వాటినీ నేనే పోగొట్టుకున్నాను." జ్వరమే కదా అని పాపను ఆసుపత్రికి ఒక రోజు ఆలస్యంగా తీసుకెళ్లినందుకు మూడేళ్లుగా నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. ఇప్పుడు దీన్ని కూడా నెత్తిన వేసుకున్నావు. నీ మరదలు నీ ఉత్తరం చదివి, "ఆవిడ చేత ఇంకెన్నాళ్లు మోయిస్తారు? నిజం రాసెయ్యండి," అంది.

డిస్కులు అరిగిపోలేదక్కా. అరిగిపోయాయని ఫోన్లో నేను చెప్పింది పచ్చి అబద్ధం.

నీ కంప్యూటర్‌కు కొత్త పవర్ సప్లై, అంటే లోపలికి కరెంటు అందించే డబ్బా, వేశాను. దాని కేబుల్ డిస్కులుండే కింది అరకు అందలేదు. సొరుగులో వేరే పవర్ సప్లైది పొడుగ్గా కనిపిస్తే అది తగిలించాను. అవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, బిగుతుగా కూర్చుంటాయి కూడా. లోపల కరెంటు వచ్చే దారులే వేరు. ఒకదాని కేబుల్ ఇంకొకదానికి పెట్టకూడదని నా రిపేరు షాపు గోడ మీద రాసి అంటించినవాణ్ణి నేనే. పైగా ఆ ఒక్క కేబుల్‌కే రెండు డిస్కులూ పెట్టాను. పాప పాటలున్నదీ, నా మాట విని జాగ్రత్తకని నువ్వు తీయించుకున్న నకలూ. పాటలన్నీ సరిచూసి, ఒకదాంట్లో రాని పాట రెండోదాంట్లోంచి తీసుకుందామనుకున్నాను. స్విచ్ వేయగానే టప్‌మంది, మాడు వాసన వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు చూశాను కేబుల్‌ని.

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు వెనక్కి తీసేవాళ్లకు ఇద్దరికి చూపించాను. లోపలిదాకా కాలిపోయాయి, ఏమీ రాదన్నారు. నీకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

పార్సిల్ వచ్చాక పాటల కోసం వెతక్కు. అందులో ఏమీ లేదు.

పాటలు పోయినందుకు బావ నిన్ను అన్న మాటలు కూడా రాశావు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వు. ఆ మాటలు నాకు రావలసినవి.

ఇట్లు,
నువ్వు ఎత్తుకుని పెంచిన తమ్ముడు